శ్రీకాకుళంలో వృత్తి నిపుణులం కలిసి బాధ్యతగల వ్యాపారాన్ని ప్రోత్సహించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు బెంగళూరు నుంచి సొంతూరు తిరిగొచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఒక డాక్టరు, ఒక లాయరు, ఇద్దరు లెక్చరర్లతో కలిసి శ్రీకాకుళంలో ఒక నెట్‌వర్క్ పెట్టి, పనివాళ్లనూ ఊరినీ ఇబ్బంది పెట్టకుండా వ్యాపారం చేసేవాళ్లను ముందుకు తేవాలనుకుంటున్నారు. సంఘం రిజిస్టర్ చేయాలా, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే సీఎస్ఆర్ డబ్బు దొరుకుతుందా, మొదటి పని ఏమిటి అని అడిగారు.

నేను ఇక్కడే ప్రాక్టీసు చేసే చార్టర్డ్ అకౌంటెంట్‌ని. నరసన్నపేట, టెక్కలి, పలాస వైపు క్లయింట్లు ఎక్కువ. మీరు చెబుతున్నలాంటి చిన్న బృందం ఒకటి మాకూ ఉంది. నెలకోసారి కలుస్తాం. దానికి ఇప్పటికీ పేరు పెట్టలేదు, లెటర్‌హెడ్ లేదు.

సూటిగా చెబుతాను. రిజిస్ట్రేషన్ ఇప్పుడు వద్దు. సీఎస్ఆర్ డబ్బు లెక్కలోంచి తీసేయండి. మొదటి పని, మీ బృందంలో ప్రతి ఒక్కరూ తాము ఎవరికి ఎంత బాకీ ఉన్నారో, ఎన్నాళ్లుగా ఉన్నారో ఒక కాగితం మీద చూసుకోవడం. ఇది విని మీ స్నేహితులు కొంచెం నిరుత్సాహపడొచ్చు. ఎందుకలా అంటున్నానో చెబుతాను.

మన జిల్లాలో సేవకు కొదవ లేదు. రక్తదాన శిబిరాలు, కంటి శిబిరాలు, ఎండాకాలం మజ్జిగ, చలివేంద్రాలు అన్నీ జరుగుతున్నాయి. రెడ్ క్రాస్, రోటరీ, లయన్స్ వాళ్లు ఆ పని మనకంటే బాగా చేస్తారు. మీరు అడిగింది వేరే విషయం. వచ్చిన లాభంలో కొంత పంచడం ఒకటి, ఆ లాభం వచ్చే దారి ఎలా ఉందో చూడటం ఇంకొకటి. బజారులో ఒక బట్టల షాపు ముందు చలివేంద్రం ఉంటుంది, యజమాని ఫొటోతో. లోపల సేల్స్ అమ్మాయిలు పొద్దుట షాపు తెరిచిన దగ్గర్నుంచి రాత్రి మూసేదాకా నిలబడే ఉంటారు. కూర్చోడానికి స్టూలు ఉండదు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లకు కుర్చీ ఇవ్వాలని చట్టాలే చేశాయి. ఈ పనికి చట్టం కోసం ఆగక్కర్లేదు. ప్లాస్టిక్ స్టూలు ధర ఎంతో మీకు తెలుసు.

ఇందులో వృత్తిలో ఉన్నవాళ్లు ఏం చేయగలరు? ఊళ్లో ఎవరి వ్యాపారం ఎలా నడుస్తోందో అందరికంటే ముందు తెలిసేది మనకే. లెడ్జర్ నేను చూస్తాను. వ్యాపారం అప్పు తిరిగే సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతా ఎప్పుడు ఊపిరాడక కొట్టుకుంటోందో బ్యాంకు మేనేజరు చూస్తాడు. పనివాళ్ల చేతులూ ఊపిరితిత్తులూ డాక్టరు చూస్తాడు. నోటీసు వచ్చాక లాయరు చూస్తాడు. షెడ్డు వెనక కాలువలోకి ఏం పోతోందో ఇంజనీరు చూస్తాడు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క తెలుసు. ఎవరి ముక్కకు వాళ్లు ఫీజు తీసుకుని ఊరుకుంటాం. ఒక బల్ల చుట్టూ కూర్చుంటే, యజమానికి ఇంతవరకూ ఎవరూ ఇవ్వని సలహా ఇవ్వగలం. మీ నెట్‌వర్క్ విలువంతా అక్కడే ఉంది. బ్యానర్లతో అది రాదు.

ఇది కొత్త ఆలోచనేం కాదు. 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు రోటరీ మొదలుపెట్టినప్పుడు పద్ధతి ఇలాంటిదే. ఒక్కో వృత్తి నుంచి ఒక్కరు, ఒకసారి ఒకరి ఆఫీసులో, ఇంకోసారి మరొకరి ఆఫీసులో కలిసేవాళ్లు. అలా వంతులవారీగా తిరగడం వల్లే ఆ పేరు వచ్చింది. వాళ్ల నాలుగు ప్రశ్నల పరీక్ష మీరు ఏ క్లబ్బు గోడ మీదో చూసే ఉంటారు: ఇది నిజమేనా, అందరికీ న్యాయమేనా, సద్భావం పెంచుతుందా, అందరికీ మేలు చేస్తుందా అని. అది పుట్టింది 1932లో, దివాలా అంచున ఉన్న ఒక వంటపాత్రల కంపెనీలో. దాన్ని గట్టెక్కించడానికి వచ్చిన హెర్బర్ట్ టేలర్ రోజువారీ వ్యాపార నిర్ణయాలకోసం రాసుకున్నాడు. ఇప్పుడది ఫ్రేము కట్టి గోడకెక్కింది. మీరు మాత్రం దాన్ని టేలర్ వాడినట్టే వాడండి, బిల్లు ముందు పెట్టుకుని.

ఇక బాకీల కాగితం సంగతి. లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్‌లో ఔట్‌స్టాండింగ్ పేయబుల్స్, అంటే మీరు కట్టాల్సిన బాకీలు, తీసి, బిల్లుల వయసు వారీగా ప్రింటు కొట్టమనండి. ముప్పై రోజుల లోపువి, నలభై అయిదు దాకా, తొంభై దాకా, ఆ పైన. అంతే. మా దగ్గర నియమం ఒకటే: ఆ కాగితం ఎవరూ ఎవరికీ చూపించక్కర్లేదు. అన్నిటికంటే పాత బిల్లు ఎన్ని రోజులదో ఆ ఒక్క సంఖ్య మాత్రం బల్ల మీద చెప్పాలి.

మొదటిసారి చెప్పినప్పుడు గదిలో కాసేపు ఎవరూ ఎవరి మొహం చూడలేదు. సొంత నర్సింగ్ హోమ్ ఉన్న డాక్టరు గారు ఒకాయన మా సభ్యులు, మనిషి చాలా మంచివాడు, ఫీజు లేకుండా చూసే పేషెంట్లు రోజూ ఉంటారు. ఆయన కాగితంలో అట్టడుగున ఉన్న పేరు పక్కదుప్పట్లు ఉతికే చాకలి మనిషిది. సంక్రాంతి నుంచి బిల్లు చెల్లలేదు. డాక్టరు గారికి ఆ సంగతే తెలీదు. చిన్న బిల్లులు వెనక్కి నెట్టి, మందుల కంపెనీల బిల్లులు డిస్కౌంటు కోసం ముందు కట్టేస్తూ వచ్చాడు మేనేజరు, అది తన తెలివి అనుకుంటూ. డబ్బు అందాక ఆ మనిషిని నేను అడిగాను, ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నావని. "అడిగితే మల్లా బట్టలియ్యరేమోనని బయ్యిం బాబూ" అన్నాడు.

ఆ భయం మీద నడిచే అప్పు మన ఊళ్లలో ఎంత ఉందో ఏ బ్యాంకు లెక్కల్లోకీ రాదు. చట్టం మాత్రం చాలాకాలంగా ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకో సేవో తీసుకుంటే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతలు, నెలవారీ చక్రవడ్డీతో కట్టాలి. ఆదాయపు పన్ను చట్టంలోనూ 43బి(హెచ్) అనే నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది: ఆ గడువు దాటిన బాకీని ఆ ఏడాది ఖర్చుగా చూపించడం కుదరదు, కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలి. ఈ ఒక్క నిబంధన చెబితే వినని యజమానులు కూడా వింటారు. ధర్మం గురించి నేను అరగంట చెప్పినా కదలనివాళ్లు, పన్ను పెరుగుతుందంటే ఆ సాయంత్రమే చెక్కు రాశారు. నాకేం బాధ లేదు, చెక్కు చెక్కే.

ఒక మెలిక ఉంది. ఈ రక్షణ వస్తువు తయారుచేసేవాళ్లకు, సేవ చేసేవాళ్లకు వర్తిస్తుంది గానీ, కొని అమ్మే వ్యాపారులకు వర్తించదు. పైగా ఎదుటివాళ్లు చిన్న సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో నమోదై ఉండాలి. మన వెల్డింగు షాపులు, ప్రింటింగు ప్రెస్సులు, క్యాటరింగు వాళ్లు చాలామంది నమోదు కాలేదు. ఆ నమోదు పూర్తిగా ఉచితం. ఆధార్, పాన్ ఉంటే అయిపోతుంది. అయినా నెట్ సెంటర్లో డబ్బు వసూలు చేస్తారు. మీరు సాఫ్ట్‌వేర్ మనిషి. ఒక ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని ఏ వర్క్‌షాపుల వీధిలోనో కూర్చుంటే, మీ నెట్‌వర్క్ పేరు ఎవరికీ తెలియకుండానే ఆ వీధికి పని జరుగుతుంది.

ఇప్పుడు కాస్త పెద్ద కేసు. ఇది చెప్పడానికి కొంచెం సమయం పడుతుంది. గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమ గురించి మీకు చెప్పక్కర్లేదు. పిక్కల్ని ఆవిరిలో ఉడకబెట్టి, ఆరబోసి, కటింగ్ చేసి, బోర్మాలో (వేడిగాలి గదిలో) వేడిచేసి, పొట్టు తీసి, గ్రేడింగ్ చేస్తారు. కటింగూ పొట్టు తీయడమూ దాదాపు అంతా ఆడవాళ్ల పని, కిలోల లెక్కన కూలి. పెంకులో ఉండే నూనెను జీడి అంటారు, అది చర్మం మీద పడితే కాలుతుంది. మా బృందంలో చర్మవ్యాధుల డాక్టరమ్మ ఒకరున్నారు. ఒకే యూనిట్ నుంచి వరసగా ఆడవాళ్లు వస్తున్నారని ఆమె గమనించారు. వేళ్ల కొసలు నల్లబడి, అరచేతుల తోలు పొరలుగా లేచి, వేలిముద్ర పడక రేషన్ మిషన్ దగ్గర తిప్పలు పడుతున్నవాళ్లు. ఆ యూనిట్ యజమాని మాలో ఒకరికి బంధువు కావడంతో లోపలికి వెళ్లి చూడగలిగాం.

అందరికీ మొదట తోచింది చేతి తొడుగులే. యజమాని కూడా వెంటనే ఒప్పుకున్నాడు, పెద్ద ఖర్చేం కాదు. తొడుగులు వచ్చాయి. పది రోజులకల్లా అన్నీ షెడ్డు మూల గోనెసంచిలో చేరాయి. ఎందుకు వేసుకోరమ్మా అంటే ఒకామె చెప్పింది: "తొడుగేసుకుంటే సెయ్యాడదు బాబూ. సెయ్యాడకపోతే కేజీలు రావు. కేజీలు రాకపోతే ఇంటికేటి అట్టుకెళ్తాం? ఆవదం రాసుకుంతాం, సరిపోద్ది." అక్కడ తెలిసింది, సమస్య చేతికి ఏం తొడగాలన్నది కాదు, కూలి లెక్క. డాక్టరు ఒక్కరే వెళ్లి ఉంటే తొడుగుల దగ్గరే ఆగిపోయేవాళ్లు.

తర్వాతి నెల ఇంజనీరును తీసుకెళ్లాం. ఆయన తొడుగుల గురించి అడగలేదు, ఆరబోసే గచ్చు ఎంత ఉందని అడిగాడు. సీజన్లో తొందరకొద్దీ ఉడికించిన పిక్కల్ని సరిగా ఆరకుండానే కటింగ్‌కు పంపేస్తున్నారు. ఆరని పిక్క కోస్తే పెంకులోంచి జీడి ఎక్కువ చిమ్ముతుంది, పప్పు కూడా విరుగుతుంది. మరి ఒక రోజు ఎక్కువ ఎందుకు ఆరబెట్టరు? గచ్చు చాలదు. ఇంకోటి, ఒక రోజు సరుకు షెడ్డులో అలా పడి ఉంటే అంత పెట్టుబడి కదలకుండా ఉన్నట్టే. 80 కిలోల బస్తా పిక్కలకు డబ్బు ముందే పోసి కొన్నవాడికి ప్రతి రోజూ వడ్డీయే.

అక్కడ పని నాది, బ్యాంకు ఆయనది. విరిగిన పప్పుకూ విరగని నిండు పప్పుకూ, అంటే గుండుకూ, మార్కెట్లో ధర తేడా చాలా ఉంటుంది. ఆరబెట్టి కోస్తే గుండు శాతం ఎంత పెరుగుతుందో చిన్న లాటు మీద చూశాం. ఆ తేడా ఒక రోజు వడ్డీని దాటింది. గచ్చు పెంచడానికి టర్మ్ లోన్ అడిగాం, రోజువారీ పెట్టుబడికిచ్చే వర్కింగ్ క్యాపిటల్ అప్పు పరిమితి కొంచెం పెంచమన్నాం. కాగితాలు నేను చేశాను. బ్యాంకు ఆయన నియమాలు దాటలేదు, దాటమని మేమూ అడగలేదు. ఏ కాగితం ఏ రూపంలో పెడితే ఆగకుండా పోతుందో చెప్పాడంతే. ఆ తర్వాత కూలి రేటు సంగతి. తొడుగు వేసుకుని కోస్తే తగ్గే కిలోలకు సరిపడా కిలో రేటు పెంచాలని పట్టుబట్టాం. యజమాని సగమే ఒప్పుకున్నాడు. ఇప్పటికీ సగమే. కటింగ్ దగ్గర కూర్చునేవాళ్లలో కొందరు తొడుగులు వేసుకుంటున్నారు, కొందరు ఆముదమే. దాన్ని పూర్తి విజయం అని నేను చెప్పను. కానీ డాక్టరమ్మ దగ్గరకు ఆ యూనిట్ నుంచి వచ్చేవాళ్లు తగ్గారు.

మీ నెట్‌వర్క్ చేయదగ్గ పని ఇలాంటిది. ఒకే చోటు, ఒకే సమస్య, నాలుగు వృత్తులు. ఏడాదికి ఇలాంటివి ఒకటో రెండో చేస్తే చాలు.

జాగ్రత్తలు కొన్ని. వీటిని తేలిగ్గా తీసుకోకండి.

మనం చూసే కాగితాలు మనవి కావు. క్లయింటు అనుమతి లేకుండా అతని సమాచారం బయటపెడితే 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం కింద అది వృత్తి దుష్ప్రవర్తన. లాయర్లకూ డాక్టర్లకూ వాళ్ల నియమాలున్నాయి. మా డాక్టరమ్మ ఏ పేషెంటు పేరూ చెప్పలేదు, ఫలానా రకం పని చేసేవాళ్ల చేతులు ఇలా ఉన్నాయని మాత్రమే అన్నారు. యూనిట్ యజమాని ఒప్పుకుని లోపలికి రమ్మన్నాకే లెక్కలు చూశాను. సమావేశంలో "మా క్లయింటొకడు ఉన్నాడులెండి..." అని మొదలయ్యే ప్రతి వాక్యాన్నీ అక్కడే ఆపే మనిషి ఒకరుండాలి. మీ లాయరుకు ఆ పని అప్పగించండి.

రెండోది, ఒకరికొకరు కేసులు పంపుకునే క్లబ్బుగా ఇది మారిపోకుండా చూడండి. నెట్‌వర్కింగ్ అనగానే మనవాళ్లకు తోచేది అదే: నువ్వు నాకు పేషెంట్లను పంపు, నేను నీకు పంపుతా. పేషెంటును పంపినందుకు డాక్టరు కమిషన్ తీసుకోవడం వైద్య వృత్తి నియమాల ప్రకారం నిషిద్ధం. మాకూ లాయర్లకూ పని కోసం తిరిగి అడుక్కోవడం నిషిద్ధం. బృందం వల్ల పరిచయాలు పెరుగుతాయి, దానివల్ల పని రావచ్చు, తప్పులేదు. బేరం పెట్టి మాత్రం కాదు.

మూడోది చాలామందికి తట్టదు. ఒకే వ్యాపారంలో ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు సభ్యులైతే, గదిలో ధరల మాట రాకూడదు. పిక్కల బస్తా ఎంతకు కొందాం, కూలి ఎంత ఇద్దాం అని వ్యాపారులు కూడబలుక్కుంటే అది 2002 పోటీ చట్టం మూడో సెక్షన్ కిందకు వస్తుంది. మంచి ఉద్దేశంతో మొదలైన బృందం చివరికి రైతు మీద సిండికేటుగా తేలితే అంతకంటే చెడ్డ పేరు లేదు.

ఇంకోటి, ఇది చట్టంలో లేదు గానీ మన ఊరి సంగతి. ఇక్కడ నలుగురు కలిస్తే జనం అడిగే మొదటి రెండు ప్రశ్నలు, ఏ కులపోళ్లది, ఏ పార్టీ వెనకుంది. మొదటి అయిదుగురిని ఎంచుకునేటప్పుడే ఈ ప్రశ్నలకు జవాబు కనబడాలి. ముఖ్య అతిథులు వద్దు, శాలువాలు వద్దు, మెమెంటోలు వద్దు. "ఉత్తమ బాధ్యతాయుత వ్యాపారవేత్త" లాంటి అవార్డులు అసలే వద్దు. అవార్డు ఇచ్చిన మూడో నెలలో ఆ షాపు మీద లేబర్ ఆఫీసులో ఫిర్యాదు వస్తే ఎక్కడ తల పెట్టుకుంటారు? సమావేశాలు హోటల్ ఏసీ హాల్లో పెట్టొద్దు. సభ్యుల పనిచోటుల్లోనే పెట్టుకోండి, వచ్చినవాళ్లు టాయిలెట్ చూస్తారు, పనివాళ్లు అన్నం ఎక్కడ తింటున్నారో చూస్తారు. మా వాళ్లలో ఒకాయన సమావేశం తన షోరూంలో అని తేలగానే వారం ముందు ఆడవాళ్లకు వేరే టాయిలెట్ కట్టించాడు. మేం ఒక్క మాట కూడా అనలేదు.

చేయడానికి సులువైనవి రెండు చెబుతాను, వీటికి మీ బృందం డబ్బు అక్కర్లేదు. ఒకటి, పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా, 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి, అందులో బయటి సభ్యులు ఒకరుండాలి. ఆ బయటి మనిషి దొరకలేదనే వంకతో చాలా షాపులూ యూనిట్లూ కమిటీ కాగితం మీదే ఉంచేస్తాయి. మీ దగ్గర లాయరున్నారు, లెక్చరర్లున్నారు. ఈ విషయం తెలిసిన మహిళలు ముగ్గురో నలుగురో ఒప్పుకుంటే, వాళ్ల పేర్లతో ఒక జాబితా పెట్టుకోండి. రెండోది ఈఎస్ఐ, పనివాళ్ల ఆరోగ్య బీమా. పది మంది ఉంటే నమోదు చేయాలి. నెలకు 21 వేల దాకా జీతం ఉన్నవాళ్లు వస్తారు, యజమాని వాటా 3.25 శాతం, పనివాళ్ల వాటా 0.75 శాతం. పీస్ రేటు మీద పనిచేసేవాళ్లు రారని చాలామంది యజమానులు నిజంగానే నమ్ముతారు. వాళ్లూ వస్తారు. ఇది తెలియక ఎగ్గొట్టేవాళ్లు ఒక రకం, తెలిసి ఎగ్గొట్టేవాళ్లు ఇంకో రకం. మొదటి రకంతో మొదలుపెట్టండి.

ఉద్దానం కిడ్నీ బాధితుల కోసం ఏమైనా చేయాలని మీరు ప్రశ్న చివర్లో రాశారు. ఆ జబ్బుకు కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, రీసెర్చ్ సెంటర్ 2023 డిసెంబరులో మొదలయ్యాయి, హిరమండలం నుంచి మంచినీటి పథకం వచ్చింది. పరిశోధన మన పని కాదు. వ్యాపారుల నెట్‌వర్క్ చేయగలిగింది వేరే ఉంది: డయాలసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు వెళ్లే మనిషికి, లేదా తోడు వెళ్లే కొడుక్కి, ఉద్యోగం పోకుండా షిఫ్టు మార్చి ఇవ్వడం. తాగునీళ్లు పనిచోట దగ్గర్లో పెట్టడం, ఎండలో పనికి మధ్యలో విరామం ఇవ్వడం. ఇవి యజమాని ఒప్పుకుంటే రేపటి నుంచే జరుగుతాయి.

తిత్లీ తుపాను తర్వాత ఇలాంటిదే చూశాం. 2018 అక్టోబరు 11న అది తీరం దాటాక మొదటి రెండు వారాలు బియ్యం, దుప్పట్లు, కొవ్వొత్తులు లారీల కొద్దీ వచ్చాయి. రావాల్సిందే. కానీ కొబ్బరీ జీడీ మళ్లీ నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. రైతుకు అసలు తేడా తెచ్చింది ఆ తర్వాతి సీజన్లలో. పాత బాకీని వడ్డీ లేకుండా ముందుకు జరిపిన వ్యాపారులు కొందరున్నారు. కూలిన చెట్టును కలప కింద కారుచౌకగా కొట్టేసి, బాకీ కింద జమ కట్టుకున్నవాళ్లూ ఉన్నారు. దుప్పట్ల ఫొటోల్లో ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. మీ బృందంలోకి ఎవరిని పిలవాలో అలాంటి సమయాలు చెబుతాయి. ఉద్దానంలో ఏ ఊళ్లోనైనా టీ బడ్డీ దగ్గర అడగండి, పేర్లతో సహా చెబుతారు.

ఇక మిగిలిన రెండు ప్రశ్నలు త్వరగా చెప్పేస్తాను.

రిజిస్ట్రేషన్: ఏపీ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద ఏడుగురుంటే సొసైటీ పెట్టుకోవచ్చు. మీరు అయిదుగురే, ఇంకో ఇద్దరిని పేరుకు చేర్చుకుని రిజిస్టర్ చేస్తే, మొదటి ఏడాదంతా అధ్యక్షుడెవరు, కార్యదర్శి ఎవరు, బ్యాంకు ఖాతా మీద సంతకం ఎవరిది అన్నదాంట్లోనే పోతుంది. నేను ఇలా చూసిన సంఘాలు ఒకటి కాదు. బయటి డబ్బు తీసుకోవాల్సిన రోజు వచ్చినప్పుడు రిజిస్టర్ చేయండి. అప్పటిదాకా ఎవరి టీ ఖర్చు వాళ్లదే.

సీఎస్ఆర్: 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. పైడిభీమవరం వైపు అలాంటి కంపెనీలున్నాయి, నిజమే. కానీ బయటి సంస్థ ద్వారా ఖర్చు చేయాలంటే ఆ సంస్థకు సేవాసంస్థలకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జి రిజిస్ట్రేషన్లు, సీఎస్ఆర్-1 నమోదు నంబరు, ఆ రకం పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. మీకు ఇవేవీ లేవు. అన్నీ ఉన్నా నేను వద్దనే అంటాను. ఏ ఫ్యాక్టరీ కాలువ గురించి రేపు మీరు మాట్లాడాల్సి రావచ్చో, ఆ ఫ్యాక్టరీ డబ్బుతో ఇవాళ స్కూలు బెంచీలు కొని పంచితే రేపు నోరు పెగలదు.

"ఇలా చేస్తే వ్యాపారం దెబ్బతినదా" అని మీ స్నేహితుడు అడిగారని రాశారు. కొన్నిసార్లు దెబ్బతింటుంది. బిల్లులు టైముకి కట్టేవాడికి చేతిలో నగదు తగ్గుతుంది, బిల్లులు ఆపే పక్క షాపువాడు అలాంటి డబ్బును తిప్పుకుంటాడు. పొందూరు ఖాదీ పంచె ధర విని మిల్లు బట్టతో పోల్చి వెనక్కి తిరిగేవాళ్లను రోజూ చూస్తాం. వలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికిన మనిషి కూలి ఆ ధరలో ముందే లెక్కకట్టి ఉంటుంది, అందుకే అది చవక కాదు. నిజం చెబితేనే సభ్యులు నిలుస్తారు. లాభాలు పెరుగుతాయని ఊరించి తెచ్చినవాళ్లు రెండో సమావేశానికి రారు.

చివరగా ఒక లోటు. మీ అయిదుగురిలో బ్యాంకు మనిషి లేరు. జీడి యూనిట్ కేసులో ఆయన లేకపోతే గచ్చు పడేది కాదు, మా లెక్కలన్నీ కాగితం మీదే ఉండేవి. పనిలో ఉన్న మేనేజర్లు మూడేళ్లకోసారి బదిలీ అయిపోతారు, పైగా వాళ్లకు తలనొప్పులు చాలా. రిటైరై ఊళ్లోనే ఉన్నవాళ్లను వెతకండి, ముఖ్యంగా చిన్న పరిశ్రమల లోన్లు చూసినవాళ్లను. అలాగే పనివాళ్ల తరఫున మాట్లాడగలిగే మనిషి ఒకరు కావాలి, యూనియన్ మనిషైనా, పొదుపు సంఘం లీడరైనా. ఆ ఇద్దరూ ఒప్పుకున్నాక మొదటి సమావేశం తేదీ పెట్టండి. మీ డాక్టరు గారి క్లినిక్‌లోనే పెట్టండి, ఆయన బాకీల కాగితం ముందు రోజే తీయించుకుంటారు.